వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్ మీద మాట తెగకుండా ఫోను నడపడం ఎలా?

బెంగళూరులో ఫైబర్ చేరని వీధులు ఇంకా చాలానే ఉన్నాయి. మున్నెకొలాల ఇరుకు సందుల్లో, వర్తూరు దాటాక వెలిసిన లేఅవుట్లలో, హొసకోటె వైపు గోదాముల్లో ఇంటర్నెట్ మేడమీద బిగించిన యాంటెన్నా నుంచే కిందికి దిగుతుంది. ఆ కనెక్షన్ మీదే 080 నంబరుతో ఒక ఫోను పెట్టుకుందామని మెస్సులు, పీజీలు, చిన్న క్లినిక్కులు నడిపే మనవాళ్లు ఎంతోమంది ఉత్సాహంగా మొదలుపెడతారు. నెల తిరగకముందే మాట తెగిపోతోందని దాన్ని మూలన పడేసి మళ్లీ మొబైలే పట్టుకుంటారు. ఇది చూసి చూసి విసుగొచ్చి రాస్తున్నాను. వైర్‌లెస్ మీద ఇంటర్నెట్ ఫోను పనిచేయదన్నది అబద్ధం. సరిగా అమరిస్తే రాగి తీగ ల్యాండ్‌లైనుకు ఏమాత్రం తీసిపోదు.

ముందు ఒక లెక్క చూడండి. జి.711 అనే కోడెక్‌తో (గొంతును డిజిటల్ అంకెలుగా మార్చే పద్ధతి), అంటే డిజిటల్ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల నాణ్యతతోనే, ఒక కాల్‌కు ఒక్కో దిశలో సుమారు 87 కేబీపీఎస్ సరిపోతుంది. ఐదుగురు ఒకేసారి మాట్లాడినా అర ఎంబీపీఎస్ కూడా దాటదు. అందుకే, మాట తెగుతోందంటే పెద్ద ప్లాను కొనమని సలహా ఇచ్చేవారి మాట వినకండి. కాల్‌కు కావలసింది వేగం కాదు, వేళ తప్పకపోవడం. ఫోను ప్రతి 20 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున మాటను సెకనుకు 50 చిన్న ముక్కలుగా, అంటే ప్యాకెట్లుగా, పంపుతుంది. అవి అదే విరామంతో అవతలికి చేరాలి. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ జి.114 సిఫార్సు చెబుతుంది. ఆ హద్దు దాటేకొద్దీ ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డుపడుతూనే ఉంటారు.

నంబరు

నంబరును లైసెన్సు ఉన్న టెలికాం కంపెనీ నుంచే తీసుకోండి. మన దేశంలో 2018లో టెలికాం శాఖ ఇంటర్నెట్ టెలిఫోనీకి దారి తెరిచింది. చవకగా వస్తుందని ఎవరో అమ్మే గేట్‌వేల జోలికి వెళ్లవద్దు. సిమ్ బాక్సులతో (చాలా సిమ్‌లు పెట్టి ఇంటర్నెట్ కాల్స్‌ను మామూలు మొబైల్ కాల్స్‌గా మార్చే పెట్టెలు) నడిచిన అక్రమ ఎక్స్‌ఛేంజీని 2021లో బెంగళూరు పోలీసులే పట్టుకున్నారు. వేరే కంపెనీ నెట్ మీద తమ నంబరు పనిచేస్తుందో లేదో నంబరు ఇచ్చేవారిని అడిగి, జవాబును ఈమెయిల్లో తీసుకోండి.

యాంటెన్నా

నెట్ రెండు రకాలుగా వస్తుంది. ఒకటి, స్థానిక ప్రొవైడర్లు లైసెన్సు అక్కరలేని 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో నడిపే లింకు. రెండోది 2023 నుంచి పెద్ద కంపెనీలు ఎయిర్‌ఫైబర్ పేరుతో ఇస్తున్న 5జీ. 5జీ అయితే పెట్టెను టవరు వైపు తిప్పి బిగిస్తే సరిపోతుంది.

5 గిగాహెర్ట్జ్ లింకుకు అవతలి టవరు కంటికి కనబడాలి. కనబడితే చాలదు, మధ్యలో ఖాళీ కూడా ఉండాలి. రెండు కిలోమీటర్ల లింకుకు సరిగ్గా సగం దూరంలో, సరళరేఖ చుట్టూ కనీసం మూడు మీటర్ల మేర ఏ అడ్డూ ఉండకూడదు. ఈ బ్యాండులో వాన వల్ల నష్టం చాలా తక్కువ. సమస్యంతా తడిసిన ఆకులతోనే. జనవరిలో ఆకురాలిన చెట్టు పక్కనుంచి హాయిగా నడిచిన లింకు, ఏప్రిల్ వానలకు ఆ చెట్టు చిగురించగానే కుంటుపడుతుంది. బిగించడానికి వచ్చిన కుర్రాడిని సిగ్నల్ అంకె చూపించమనండి. మైనస్ 65 డీబీఎం కన్నా బలహీనంగా (అంటే మైనస్ 70, 75 లాంటివి) ఉంటే ఒప్పుకోకండి.

సామాను

మీ సొంత రౌటరు ఒకటి, తీగతో పనిచేసే ఐపీ ఫోను ఒకటి, మంచి యూపీఎస్ ఒకటి. పాత ల్యాండ్‌లైను సెట్టే ఇష్టమైతే దానికి ఏటీఏ అనే చిన్న పెట్టె తగిలించుకోవచ్చు. రౌటరు మాత్రం కేక్ అనే క్యూ పద్ధతి (ఏ ప్యాకెట్టు ముందు పోవాలో నిర్ణయించేది) ఉన్నదే కొనాలి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిచేదైనా, రౌటర్‌ఓఎస్ 7 ఉన్న మైక్రోటిక్ అయినా పరవాలేదు. వైఫై ఫోనులు వద్దు. మేడమీద ఒక రేడియో ఉండగానే ఇంట్లో మరో రేడియోను మధ్యలో పెట్టడం కోరి తెచ్చుకునే తలనొప్పి. కోడెక్ కూడా జి.711 ఎ-లా ఒక్కటే పెట్టి మిగతావన్నీ తీసేయండి. జి.729 పెడితే బ్యాండ్‌విడ్త్ ఆదా అవుతుందంటారు. ఆ ఆదాతో మనకు పని లేదు. ప్యాకెట్ల సంఖ్య మారదు, గొంతు మాత్రం డబ్బాలోంచి వచ్చినట్టవుతుంది.

క్యూను మీ చేతిలోకి తెచ్చుకోవడం

అందరూ చెడగొట్టేది ఇక్కడే. పైవన్నీ సరిగా చేసి దీన్ని వదిలేసినా ఫోను పనికిరాదు.

మున్నెకొలాలలో ఒక మెస్సు ఉంది. మధ్యాహ్నం పన్నెండున్నరకు పార్శిల్ ఆర్డర్లు ఫోనులోనే వస్తాయి. కౌంటర్‌లో ఆమె "పదిహే..." అని సగం విని మళ్లీ అడుగుతుంది. అవతలివారు పదిహేను భోజనాలన్నారో పదిహేడన్నారో తెలియదు. యజమాని మొబైల్లో స్పీడు పరీక్ష తీసి చూపిస్తాడు, 42 ఎంబీపీఎస్. "నెట్ బాగానే ఉంది సార్, ఫోనే బాగాలేదు" అంటాడు. సరిగ్గా ఆ సమయంలోనే నాలుగు సీసీ కెమెరాలు క్లౌడులోకి వీడియో పంపుతుంటాయి. వంటవాడి మొబైలు ఫోటోలను బ్యాకప్ చేస్తుంటుంది. అప్‌లోడు దారి నిండిపోయింది. స్పీడు పరీక్షలో పెద్ద అక్షరాలతో కనబడేది డౌన్‌లోడు. ఆమెకు అవతలి మాట సగమే వినబడటానికి కారణం కూడా ఇందులోనే ఉంది. ఇలాంటి లింకులో చాలా రేడియోలు ఒక సమయంలో పంపడమో వినడమో ఒక్కటే చేస్తాయి. అప్‌లోడు గాలిని ఆక్రమిస్తే వచ్చే మాటలూ ఆగుతాయి.

దారి నిండినప్పుడు ప్యాకెట్లు వెంటనే పోవు, ఎక్కడో ఒకచోట క్యూ కడతాయి. మేడమీది రేడియోలో ఉన్న మెమరీలో ఆ క్యూ పెరుగుతూ పోతుంది. మెస్సులో నలభై భోజనాల ఆర్డరు వెనుక ఒక్క పెరుగు పొట్లం కోసం నిలబడినవాడి గతి మాట ప్యాకెట్లకు పడుతుంది. 20 మిల్లీసెకన్ల పింగ్ (ప్యాకెట్టు వెళ్లి తిరిగొచ్చే సమయం) అర సెకనుకు పెరుగుతుంది. వేళ దాటాక చేరిన ప్యాకెట్టును ఫోను పారేస్తుంది. అదే ఆ పోయిన అక్షరం.

రౌటర్లలో మాటకు ప్రాధాన్యం ఇచ్చే బటను ఒకటి ఉంటుంది, అది నొక్కి పని అయిపోయిందనుకుంటారు. కాలేదు. మీ రౌటరు ప్రాధాన్యం ఇవ్వగలిగేది తన దగ్గరున్న క్యూలోనే. రౌటరు నుంచి రేడియోకు వెళ్లే తీగ 100 ఎంబీపీఎస్ లేదా గిగాబిట్. కాబట్టి రౌటరులో క్యూ కట్టే అవసరమే రాదు. వచ్చినవన్నీ రేడియో మీద కుమ్మరించేస్తుంది, క్యూ అక్కడ కడుతుంది. అందువల్ల చేయవలసింది ఒకటే. రేడియో మోయగలిగే దానికన్నా తక్కువ వేగానికి మీ రౌటరు దగ్గరే హద్దు పెట్టాలి. అప్పుడు క్యూ మీ గడప లోపలే కడుతుంది, మాటను ముందు పంపడం మీ చేతిలో ఉంటుంది.

ఎంత హద్దు? ఫైబర్ వాళ్లు చెప్పినట్టు ప్లానులో రాసిన వేగంలో 90 శాతం పెడితే వైర్‌లెస్‌లో కుదరదు. గాలిలో లింకు సామర్థ్యం గంటగంటకూ మారుతుంది. ఉదయం ఏడింటికి 10 ఎంబీపీఎస్ అప్‌లోడు ఇచ్చిన లింకు, అందరూ ఇంటికి చేరి టీవీ పెట్టిన రాత్రి తొమ్మిదికి 6 ఇవ్వవచ్చు. ఉదయం కొలిచి 9 పెట్టారనుకోండి, రాత్రికి ఆ హద్దు ఉన్నా లేనట్టే. కాబట్టి రద్దీ వేళే కొలవండి. రాత్రి తొమ్మిదికి ఒకసారి, మీ వ్యాపారం జోరుగా సాగే వేళ ఒకసారి, కొన్ని రోజుల పాటు. వాటిలో అన్నిటికన్నా తక్కువ అప్‌లోడు అంకె తీసుకుని దానిలో 85 శాతం పెట్టండి. 6 వచ్చిందంటే 5. ఉదయం పూట సగం వేగం వృథా పోతోందని బాధపడకండి. ఐదు కాల్స్‌కు అర ఎంబీపీఎస్ చాలని ముందే లెక్క వేశాం, మిగిలిన నాలుగున్నరలో కెమెరాలు సర్దుకుంటాయి.

తర్వాత పరీక్ష. ఒక కంప్యూటర్ నుంచి పెద్ద వీడియో ఫైలును క్లౌడుకు ఎక్కించడం మొదలుపెట్టండి. మరోదాని నుంచి నంబరు ఇచ్చిన కంపెనీ సర్వరుకు పింగ్ చేస్తూ ఉండండి. ఖాళీగా ఉన్నప్పటి అంకె కన్నా ఓ ఇరవై ముప్పై మిల్లీసెకన్లు పెరిగితే పరవాలేదు. వందలు పెరిగితే హద్దును అర ఎంబీపీఎస్ తగ్గించి మళ్లీ చూడండి. అంకె నిలకడగా ఉండేవరకు ఇలాగే చేయండి. ఓపిక పట్టాలి. ఒక్కసారి బాగా వచ్చిందని లేచిపోవద్దు, అప్‌లోడు సాగుతుండగానే ఒక కాల్ చేసి ఐదు నిమిషాలు మాట్లాడండి.

డౌన్‌లోడుకూ ఇదే పద్ధతిలో హద్దు పెట్టాలి. ఆ క్యూ అవతలి టవరులో ఉంటుంది కనుక పట్టు కొంచెం తక్కువ, అయినా ఉపయోగం ఉంటుంది. కేక్‌లో డిఫ్‌సర్వ్4 అనే ఎంపిక (ప్రాధాన్యాన్ని బట్టి ప్యాకెట్లను నాలుగు వరుసలుగా విడదీసేది) పెట్టి, ఫోనులో మాట ప్యాకెట్లకు డీఎస్‌సీపీ 46 గుర్తు (ఇది మాట, ముందు పంపమని చెప్పే అంకె) వేయండి. కొన్ని మేడమీది రేడియోలు కూడా ఆ గుర్తును చూసి మాటను ముందు పంపుతాయి.

ఇంత చేసినా రెండు చోట్ల పని నీరుగారుతుంది. ఒకటి, రౌటరులో వేగం పెంచే అడ్డదారి. మైక్రోటిక్‌లో ఫాస్ట్‌ట్రాక్ అంటారు, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో హార్డ్‌వేర్ ఆఫ్‌లోడింగ్ అంటారు. అది ఆన్‌లో ఉంటే ప్యాకెట్లు మీ క్యూను తాకకుండానే వెళ్లిపోతాయి. తప్పకుండా ఆపేయండి. రెండోది, కంపెనీ ఇచ్చిన పెట్టె. దాన్ని బ్రిడ్జి మోడులో (అది రౌటరుగా పనిచేయకుండా నెట్‌ను నేరుగా మీ రౌటరుకు అందించేలా) పెట్టించండి. కుదరదంటే దాని వైఫై ఆపేసి, దానికి మీ రౌటరు తీగ ఒక్కటే తగిలించండి. హాల్లోని టీవీ ఒక్కటి ఆ పెట్టెకు నేరుగా తగిలినా అది మీ హద్దు బయట ఉన్నట్టే, రాత్రి సినిమా మొదలవగానే డౌన్‌లోడు లెక్కంతా తప్పుతుంది.

హద్దును తనంతట తానే సవరించుకునే స్క్రిప్టులు ఉన్నాయి. 5జీ వాడేవారికి అవి బాగుంటాయని చెబుతారు. నేను పెట్టను. వ్యాపారం నడిచే ఫోనుకు అంకె నిలకడగా ఉండాలి, అది ఎందుకు ఉందో యజమానికి తెలియాలి.

ఫోను సెట్టింగులు

రౌటరులో ఎస్‌ఐపీ ఏఎల్‌జీ (ఇంటర్నెట్ కాల్ సందేశాలను మధ్యలో సవరించే సదుపాయం) ఆపేయండి. అది ఉంటే ఒకవైపు మాటే వినబడటం, కాల్ మధ్యలో పడిపోవడం తరచూ జరుగుతాయి. ఈ కనెక్షన్లలో చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరగల చిరునామా) ఉండదు. కాసేపు నిశ్శబ్దంగా ఉంటే కంపెనీ వైపు దారి మూసుకుపోయి, బయటి నుంచి వచ్చే కాల్స్ మోగవు. ఫోనులో కీప్ అలైవ్ (ఆ దారి మూసుకోకుండా మధ్యమధ్య పంపే చిన్న సందేశం) 25 సెకన్లు పెట్టండి. అంతే.

కరెంటు

యూపీఎస్‌కు ఫోను, రౌటరు తగిలించి, రేడియోకు కరెంటు పంపే పీవోఈ అడాప్టరును గోడ సాకెట్టులో వదిలేసేవారు చాలామంది. మూడూ యూపీఎస్ మీదే ఉండాలి. మేడమీది స్తంభానికి ఎర్తింగు చేయించండి, ఏప్రిల్, మే నెలల పిడుగులకు ముందు పోయేది ఆ అడాప్టరే. అత్యవసరానికి ఈ ఫోనును నమ్ముకోవద్దు. 112కు మొబైలు నుంచే చేయాలని పక్కన గోడమీద రాసి అంటించండి.

ప్లాను మార్చినా, కంపెనీ మిమ్మల్ని వేరే టవరుకు తిప్పినా, కొత్తగా రెండు కెమెరాలు పెట్టినా ఆ రాత్రి తొమ్మిది గంటల పరీక్ష మళ్లీ చేసి, హద్దు అంకె సవరించండి.