కేమాలాక్‌ని సున్నా బైట్లు అడిగితే

లినక్స్ డ్రైవర్లు రాసేవాళ్లకు చిన్న చిట్కా. కెర్నెల్‌లో మెమరీ ఇచ్చే ఫంక్షన్ కేమాలాక్ (kmalloc). దాన్ని సున్నా బైట్లు అడిగితే నల్ (మెమరీ దొరకలేదని చెప్పే ఖాళీ పాయింటర్) వస్తుందనుకోకండి. 16 అనే అడ్రస్ ఉన్న ఒక ప్రత్యేక పాయింటర్ వస్తుంది. అది నల్ చెక్‌ని దర్జాగా దాటేస్తుంది. తీరా అక్కడ చదవబోయినా, రాయబోయినా కెర్నెల్ ఊప్స్ (కెర్నెల్ లోపలి ఎర్రర్)! మెమరీని తిరిగి వదిలేసే కేఫ్రీకి (kfree) ఇస్తే మాత్రం ఏమీ కాదు. అందుకే సైజు యూజర్ ప్రోగ్రామ్ నుంచి వస్తుంటే సున్నా సంగతి ముందే తేల్చుకోండి.

అసలు టెన్షన్ గుణకారంతోనే. ఎన్ని కావాలో, ఒక్కోటి ఎంతో మనమే గుణించి ఇస్తే, లబ్ధం పట్టనంత పెద్దదై ఓవర్‌ఫ్లో అయినప్పుడు చిన్న ముక్కే దొరుకుతుంది. మనమేమో పెద్దదనుకుని హద్దు దాటి రాసేస్తాం. ఆ రెండు సంఖ్యలనూ విడివిడిగా కేమాలాక్_అర్రేకి ఇవ్వండి. ఓవర్‌ఫ్లో అయితే అదే నల్ ఇస్తుంది. మెమరీ సున్నాలతో నిండి కావాలంటే కేకాలాక్.