ఇంట్లో స్విమ్మింగ్ పూల్: జేసీబీ రాకముందే వేసుకోవాల్సిన లెక్క

మా అక్కవాళ్ల ఇల్లు హన్మకొండ శివారులో, హసన్‌పర్తి పోయే దారిలో ఉంటుంది. పెరట్లో 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు నీళ్లు నిలిచే పూల్ కట్టించాలనుకుని, ఖర్చుల పుస్తకం నా చేతికిచ్చారు. కాంట్రాక్టర్ ఇచ్చిన కొటేషన్ ఒక్క పేజీ. అందులో తవ్వకం గురించి ఉన్నది ఒకే ఒక్క మాట: "తవ్వకం".

మూడడుగుల దాకా ఎర్రమట్టి సాఫీగా వచ్చింది. ఆ తర్వాత జేసీబీ బకెట్ పళ్లు కరకరమని గీసుకుపోయాయి. డ్రైవర్ ఇంజన్ ఆపి గుంతలోకి దిగి, అరచేత్తో మట్టి తుడిచాడు. కింద బూడిదరంగు బండ. పారతో కొడితే ఖంగుమంది. "ఇది గుండు కాదు సార్, పరుపు బండ. బ్రేకర్ పెట్టాలె" అన్నాడు. బ్రేకర్ అంటే బండను పగలగొట్టే యంత్రం. బావ నా వైపు చూశాడు, నేను కొటేషన్ తీశాను. బండ వస్తే ఎవరు భరించాలో అందులో ఎక్కడా రాసి లేదు. కంచె కోసమని అక్క విడిగా దాచిన డబ్బు రెండు రోజుల్లో బ్రేకర్ కిరాయికి పోయింది. పూల్ నిండాక రెండు నెలలు కంచె లేకుండానే ఉంది. ఆ రెండు నెలలూ అక్క పెరటి తలుపుకు తాళమేసి, తాళంచెవి కొంగుకు కట్టుకుని తిరిగింది. ఇంట్లో నాలుగేళ్ల పిల్లాడు.

ఆ రెండు నెలలు ఇంకో ఇంట్లో రాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందు నేల సంగతి తేల్చుకోండి. ఏకశిలానగరమని పేరున్న వరంగల్ మనది. ఎర్రటి చల్క నేల చూసి మెత్తగా ఉందనుకుంటాం గానీ, బండ మూడడుగులకే తగలొచ్చు, పక్క ప్లాటులో పదడుగులకు కూడా తగలకపోవచ్చు. అందుకే కొటేషన్ అడగకముందే, పూల్ వచ్చే చోట రెండు మూలల్లో ఆరేసి అడుగుల లోతు గుంతలు తీయించండి. ఒకట్రెండు గంటల జేసీబీ కిరాయితో తేలిపోయే పని అది. బండ ఉంటే రెండు దారులు: లోతు తగ్గించుకుని పూల్‌ను కొంత నేలపైకి లేపడం, లేదా బ్రేకర్ రేటును గంటకింత అని ముందే కాగితం మీద రాయించుకోవడం. మా ఇంట్లో ఈ గుంతలు తీసి ఉంటే నేను మొదటి దారే పట్టమనేవాణ్ని. ఇళ్ల మధ్య బండను పేల్చే ఆలోచన మాత్రం అసలే వద్దు.

నల్లరేగడి వస్తే సమస్య వేరు. అది వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. ఆ కదలికకు పూల్ గోడ పగులుతుంది. ఎంత లోతు రేగడి తీసేసి మొరం నింపాలో, స్టీలు ఎంత వేయాలో స్ట్రక్చరల్ ఇంజనీరు చెప్పాలి. ఆయన ఫీజు దగ్గర బేరమాడకండి.

మట్టి ఎత్తిపోయడం కూడా ఖర్చే. 20 బై 10 పూల్‌కు గోడలూ అడుగున వేసే కాంక్రీటూ కలుపుకుంటే తవ్వేది సుమారు 24 బై 14, లోతు ఐదున్నర అడుగులు. అంటే 1,848 ఘనపుటడుగులు. తవ్విన మట్టి గుల్లబారి పావువంతు పెరుగుతుంది, 2,300 దాకా తేలుతుంది. ట్రాక్టర్ ట్రాలీలో వంద పడతాయనుకుంటే 23 ట్రిప్పులు. ఎక్కడ పోయాలో కూడా ముందే అనుకోండి, మీ సందు చివరి నాలాలో మాత్రం కాదు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో నీళ్లు మన కాలనీల్లోకి ఎలా వచ్చాయో చూసినవాళ్లమే.

కొటేషన్ చేతికొచ్చాక మొత్తం అంకె చూసి మురిసిపోవద్దు. ఏం లేదో చూడండి. పది లక్షలని రాసి, కింద చిన్న అక్షరాల్లో జీఎస్టీ అదనం అంటే 18 శాతం కలిసి 11 లక్షల 80 వేలు. ఫిల్టర్, మోటరు, పైపులు, టైల్స్, లైట్లు, చుట్టూ జారని ఫ్లోరింగ్, మోటరు గది, మీటరు నుంచి అక్కడిదాకా వైరు, ఎర్తింగ్ ఒక్కొక్కటీ ఉందో లేదో టిక్కు పెట్టించండి. అంచుల మీదుగా నీళ్లు పొర్లే రకం ఫొటోల్లో బాగుంటుంది కానీ, ఆ పొర్లిన నీటికి వేరే ట్యాంకు కట్టాలి. చిన్న ఇంటికి స్కిమ్మర్ రకం, అంటే గోడలో పెట్టిన డబ్బా పైనీటిని లాగి ఫిల్టర్‌కు పంపే రకం చాలు. డబ్బు పని దశలను బట్టే ఇవ్వండి. టైల్స్ వేయకముందు పూల్ నింపి వారం రోజులు ఉంచి చూడాలి. ఒక బకెట్‌లో నీళ్లు పోసి పూల్ మెట్టు మీద పెట్టండి, రెండింట్లో మట్టం గుర్తు పెట్టండి. బకెట్ కంటే పూల్‌లో నీళ్లు ఎక్కువ తగ్గితే కారుతోందన్నట్టే. ఈ పరీక్ష అయ్యేదాకా కనీసం పదోవంతు మీ దగ్గరే ఆపుకోండి. కార్పొరేషన్ పరిధిలో ఉంటే, ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన సెట్‌బ్యాక్ స్థలంలో గడ్డపార వేసే ముందు టౌన్ ప్లానింగ్ వాళ్లను అడగండి. పక్కింటి ప్రహరీ పునాదికీ, మీ సెప్టిక్ ట్యాంకుకూ దూరంగా జరపండి.

ఎప్పుడు మొదలుపెట్టాలని అడిగితే, దీపావళి దాటాక అంటాను. భూమి ఆరుతుంటుంది, చలికాలంలో క్యూరింగ్ (కాంక్రీటును తడిగా ఉంచడం) తేలిక, అది గట్టిపడటానికి 28 రోజులు దొరుకుతాయి, హోలీకల్లా నీళ్లు నింపుకోవచ్చు. ఎండాకాలం ముంచుకొచ్చాక తొందరపడి ఏప్రిల్‌లో మొదలుపెడితే, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో కాంక్రీటు తడపడానికి నీళ్లు వెతుక్కోవాలి, పని సగంలో ఉండగానే మిరుగం వచ్చేస్తుంది. అసలు ప్రమాదం అక్కడే. వానలకు భూమిలో నీరు పైకి లేస్తే, ఖాళీగా ఉన్న పూల్‌ను అది కింది నుంచి పడవలా ఎత్తుతుంది. గోడలు చీలతాయి, పైపులు తెగుతాయి. మన పూల్ నిండితే దాదాపు 22,600 లీటర్లు, అంటే 22 టన్నులకు పైగా బరువు. దాన్ని నేలకు అదిమి ఉంచేది ఆ నీళ్లే. కాబట్టి వానాకాలంలో కడగడానికని పూల్ పూర్తిగా ఖాళీ చేయకండి. అడుగున ప్రెషర్ వదిలే వాల్వు పెట్టించండి, పెద్ద ఖర్చేమీ కాదు.

నెలనెలా అయ్యేది కూడా రాసుకోండి. మొదటి నింపుడుకే 5,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగున్నర కావాలి. మేలో రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైనా, ఈ పూల్ నుంచి 150 లీటర్లు పోయినట్టే. నెలకు దాదాపు ఒక ట్యాంకర్. ఫిల్టర్ కడగడానికి పోయేది దీనికి అదనం. రాత్రిపూట కవర్ కప్పితే చాలా మిగులుతుంది. బోరును నమ్ముకుంటే మీ బోరు ఏప్రిల్‌లో ఎంత పోస్తుందో చూసి నమ్ముకోండి. కొత్తది వేయాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల సంరక్షణ) చట్టం కింద అనుమతి కావాలి. బోరు నీళ్ల కఠినత్వం టైల్స్ మీద తెల్లటి పొరగా పేరుకుంటుంది, ముందే టెస్ట్ చేయించండి. ఒక హెచ్‌పీ మోటరు రోజుకు ఆరు గంటలు తిరిగితే నెలకు 180 యూనిట్ల దాకా కాలుతుంది. ఇంటి వాడకం దీనికి కలిస్తే స్లాబు మారి, బిల్లు యూనిట్ల కంటే వేగంగా పెరుగుతుంది.

నీళ్లను శుభ్రంగా ఉంచే మందుల దగ్గర చాలా జాగ్రత్త. క్లోరిన్ లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాములు, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. టెస్ట్ కిట్ లేకుండా చేతి అంచనాతో వేయొద్దు. బ్లీచింగ్ పౌడర్, యాసిడ్ ఒకచోట పెట్టొద్దు, రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. బ్లీచింగ్ పౌడర్‌ను క్లోరిన్ బిళ్లలతో కలిపినా మంటలు లేస్తాయి. మందును నీళ్లలో వేయాలి గానీ, మందు మీద నీళ్లు పోయకూడదు.

ఇక కంచె డబ్బు. మొత్తం బడ్జెట్‌లో మొదట తీసేది ఇదే కావాలి, మిగిలితే పెడదామనుకునేది కాకూడదు. నాలుగడుగులకు తగ్గని ఎత్తు, పిల్లలు కాలు పెట్టి ఎక్కడానికి అడ్డకమ్మీలు లేని కంచె, దానంతటదే మూసుకునే గేటు, గొళ్లెం లోపలి, అంటే పూల్ వైపు పైన. కరెంటు లైన్‌లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్), నీటిలోపలి లైట్లు 12 వోల్టులవి. అడుగున నీళ్లు లాగే రంధ్రాలు రెండు ఉండాలి, మీద జాలీ గట్టిగా బిగించి ఉండాలి. ఒక్కటే ఉండి జాలీ ఊడితే చిన్నపిల్లల జుట్టూ చెయ్యీ పట్టేసుకుంటుంది. దీని తర్వాత మొత్తంలో ఐదోవంతు ముట్టుకోకుండా పక్కన పెట్టండి, బండకో వానకో అదే పోతుంది. ఇవి రెండూ తీసేశాక చేతిలో మిగిలినదే మీ పూల్ సైజు. పద్దెనిమిది అడుగులకే సరిపోతే పద్దెనిమిదే కట్టండి.

గేటు పెట్టిన రోజు సగం తెరిచి వదిలి చూడండి. దానంతటదే వచ్చి గొళ్లెం పడిన చప్పుడు వినిపించాలి. మా అక్క ఇంట్లో మొదటి వానాకాలం పోయేసరికి స్ప్రింగ్ తుప్పు పట్టి, గేటు ఆరంగుళాల దూరంలో ఆగిపోయింది. చూసింది ఆ నాలుగేళ్లవాడే. "మామా, తలుపు పడ్తలేదు" అని నన్ను పిలుచుకుపోయాడు. ఆ సాయంత్రమే కొత్త స్ప్రింగ్ వేయించాం. ఇప్పుడు ప్రతి నెల ఒకటో తారీఖున దాన్ని తెరిచి వదిలి చూస్తాం.