ఒకే వాసన, రెండు ముక్కులు: తేడా ఎక్కడుందో ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా?

అక్క మణికట్టు మీద సెంటు కొట్టుకుని నా ముక్కు దగ్గర పెట్టింది. స్పిరిట్ ఘాటు పోయేదాకా ఆగి మళ్లీ వాసన చూశాను. ఏమీ లేదు, ఉత్త చర్మం. "గుప్పుమంటోంది కదరా, మస్క్, కస్తూరి వాసన!" అంది. ఆటపట్టిస్తోందేమో అనుకున్నాను. తనూ నా గురించి అదే అనుకుందట.

ఇద్దరం నిజమే చెప్పాం. వాసనల్ని పట్టే రిసెప్టర్లు మనిషి ముక్కులో దాదాపు 400 రకాలుంటాయి. వీటి వెనకున్న జన్యువుల కుటుంబాన్ని లిండా బక్, రిచర్డ్ యాక్సెల్ అనే శాస్త్రవేత్తలు 1991లో బయటపెట్టారు, 2004లో నోబెల్ అందుకున్నారు. ఆ జన్యువులు మనిషికీ మనిషికీ కాస్త మారుతుంటాయి. ఆండ్రోస్టెనోన్ అనే పదార్థమే తీసుకోండి: ఒకరికి మూత్రం కంపు, ఇంకొకరికి తియ్యటి వాసన, మరొకరికి అసలేమీ తెలియదు. కొత్తిమీర కొందరికి సబ్బులా అనిపించడం వెనకా కొంత జన్యువుల పాత్ర ఉంది.

అలాగని ప్రతి గొడవనీ జన్యువుల మీదికి నెట్టేయలేం. జలుబు, అలవాటు, పాత జ్ఞాపకం, చివరికి ఆ వాసనకి పెట్టిన పేరు కూడా తేడా తెస్తాయి. వీటిని విడదీసి చూడాలంటే ఓ గంట చాలు.

1. సీసాలు సిద్ధం చేయండి

లోపలున్నది కనబడని చిన్న సీసాలు ఏడెనిమిది, అన్నీ ఒకేలాంటివి కావాలి. కాఫీ పొడి, లవంగాలు, నిమ్మ తొక్క, నలిపిన కొత్తిమీర, సబ్బు ముక్క, వాసన గట్టిగా ఉండే చీజ్. ఒక్కో సీసాలో ఒక్కోటి వేసి, పైన పల్చగా దూది కప్పి, అడుగున నంబరు వేయండి. ఈ పని పరీక్షలో లేని మూడో మనిషి చేస్తే మంచిది. బ్లీచ్, పెట్రోల్, థిన్నర్ లాంటివి మాత్రం వద్దు.

జలుబు ఉన్న రోజు పెట్టుకోకండి. ఆ రోజు ఇద్దరూ సెంటు కొట్టుకోకూడదు.

2. ముందు రాయండి, తర్వాత మాట్లాడండి

అసలు పట్టు ఇక్కడే ఉంది. ఒకరు "అబ్బా, సబ్బు!" అన్నారంటే రెండోవాళ్లకీ సబ్బే వస్తుంది. అందుకే నోరు మెదపకుండా మూడు విషయాలు రాసుకోండి: ఎంత గట్టిగా ఉంది (10కి ఎన్ని), నచ్చిందా, ఏం గుర్తొచ్చింది.

సీసాకీ సీసాకీ మధ్య ఒక నిమిషం ఆగండి. ఒకే వాసన పీలుస్తూ ఉంటే ముక్కు దానికి అలవాటుపడి పట్టించుకోవడం మానేస్తుంది. మన ఇంటి వాసన మనకి తెలియనిది ఇందుకే. మధ్యలో కాఫీ గింజలు వాసన చూడమని సెంటు షాపుల్లో చెబుతుంటారు. అక్కర్లేదు, మామూలు గాలి చాలు.

తేడా వచ్చిన సీసాని ఒక్కో ముక్కు రంధ్రంతో మళ్లీ చూడండి. కొన్ని గంటలకోసారి ఒక రంధ్రంలో గాలి తగ్గి రెండోదాంట్లో పెరుగుతూ ఉంటుంది. రెండు వైపులా వాసన కాస్త వేరుగా అనిపిస్తే కంగారుపడకండి.

3. ఎంత పల్చనైనా పట్టగలరా?

ఒక చెంచా వెనిగర్‌కి ఒక చెంచా నీళ్లు కలపండి. అందులోంచి ఒక చెంచా తీసి మళ్లీ అంతే నీళ్లు. ఇలా పదిసార్లు, ఒక్కో మెట్టునీ వేరేగా ఉంచుతూ. ఇప్పుడు మూడు సీసాలు పెట్టండి: రెండింట్లో ఉత్త నీళ్లు, ఒకదాంట్లో అన్నిటికన్నా పల్చటి వెనిగర్. ఏది వెనిగర్? గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది కాబట్టి, సీసాల చోటు మారుస్తూ వరసగా మూడుసార్లు సరిగ్గా చెబితేనే లెక్క. చెప్పలేకపోతే ఒక మెట్టు చిక్కటిది తీసుకోండి. ఎవరు ఏ మెట్టు దగ్గర పట్టారో అదే వాళ్ల హద్దు.

4. పేరు మార్చి చూడండి

నాకు బాగా నచ్చిన భాగం ఇదే. చీజ్‌నే రెండు సీసాల్లో వేసి, ఒకటి "చీజ్" అనీ, రెండోది "ఉతకని సాక్సులు" అనీ చెప్పి ఇవ్వండి. ఐసోవాలెరిక్ యాసిడ్ అనే వాసన పదార్థం కొన్ని రకాల చీజ్‌లోనూ ఉంటుంది, పాదాల చెమట వాసనలోనూ ఉంటుంది. కాబట్టి అబద్ధం మరీ పెద్దదేం కాదు. మా అక్క మొదటిదానికి 7 వేసి, రెండోదాన్ని చేయి చాపి దూరంగా పట్టుకుంది.

5. ఫలితం చదవడం

ముతక లెక్కే అయినా పనికొస్తుంది. ఘాటు ఇద్దరికీ సమానం, ఇష్టమే వేరంటే, జ్ఞాపకాలూ పేర్లూ పని చేస్తున్నాయి. అన్ని వాసనలూ ఒకరికి తక్కువగానే తెలుస్తుంటే వయసు, పొగతాగడం, ముక్కుదిబ్బడ లాంటివి చూడండి. మిగతావన్నీ బాగా తెలుస్తూ ఒక్కటే ఎంతకీ తెలియకపోతే, రిసెప్టర్ తేడా అయ్యే అవకాశం ఎక్కువ.

ఉన్నట్టుండి వాసన పోయినా, నిన్నటిదాకా బాగున్న కాఫీ ఇవాళ కాలిన కంపు కొట్టినా అది వేరే సంగతి. వైరస్ జ్వరాల తర్వాత ఇలా అవుతుంది. ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోండి. ఈలోగా గ్యాస్ లీకైనా తెలియదు కాబట్టి వంటింట్లో జాగ్రత్త.

మొదట ఆండ్రోస్టెనోన్ తెలియనివాళ్లలో కొందరు, కొన్ని వారాలు రోజూ పీల్చాక పట్టగలిగారు. అది చదివాక అక్క సెంటు సీసా మూత రోజూ తీస్తున్నాను. ఇది మూడో వారం. ఇంకా స్పిరిట్ ఒక్కటే వస్తోంది.