సిటిజన్‌షిప్‌తో పేరు మారింది, హైదరాబాద్‌లో ఫైలు ఆగింది: ఎక్కడ చూసుకోవాలి?

అమెరికా సిటిజన్‌షిప్ వచ్చింది, పాస్‌పోర్టూ చేతికొచ్చింది. ఓసీఐకి (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇండియా ఇచ్చే కార్డు) పెడితే ప్రశ్నలు, మియాపూర్ ఫ్లాటు అమ్ముదామంటే ‘పేరు కలవట్లేదండీ’ అన్న మాట. ఇలాంటి ఫైళ్లు సర్దడమే నా పని. ఎన్-400 (సిటిజన్‌షిప్ దరఖాస్తు) నింపడం, వేలిముద్రలు, ఇంటర్వ్యూ మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను.

ముందు ఒక్క పని చేయండి. పాత ఇండియన్ పాస్‌పోర్టు, గ్రీన్‌కార్డు, నాచురలైజేషన్ సర్టిఫికెట్ (అమెరికా పౌరులైనట్టు ఇచ్చే కాగితం), అమెరికా పాస్‌పోర్టు పక్కపక్కన పెట్టి, సర్‌నేమ్ గడి వేరుగా, గివెన్ నేమ్ గడి వేరుగా చదవండి. పేరంతా కలిపి చదవొద్దు. కలిపి చదివితే ‘అవే అక్షరాలు కదా’ అనిపిస్తుంది, అక్కడే దెబ్బతింటారు. ఎన్నిసార్లు చెప్పినా ఇది చూడకుండా నేరుగా నోటరీ దగ్గరికి పరిగెత్తి అఫిడవిట్ పట్టుకొస్తారు.

సమస్య: పేరు మార్పు అడిగాను, పౌరసత్వ ప్రమాణం తేదీ రావట్లేదు

కారణం చిన్నదే. ఇమిగ్రేషన్ శాఖకు సొంతంగా పేరు మార్చే అధికారం లేదు. ఆ అధికారం కోర్టుది. అందుకే పేరు మార్పు అడిగినవాళ్లు జడ్జి ముందు జరిగే ప్రమాణానికే వెళ్లాలి. శాఖవాళ్లే జరిపే వేడుకలో ఆ పని కాదు. కొన్ని ఊళ్లలో జడ్జి వేడుకలు తక్కువ కాబట్టి ఆలస్యం. తొందర ఉంటే పేరు మార్పు వద్దనుకుని ప్రమాణం చేసేయండి. తర్వాత మీ రాష్ట్ర కోర్టులో మార్చుకుని, ఎన్-565 (సర్టిఫికెట్ మార్చి ఇవ్వమని అడిగే ఫారం) పెట్టి కొత్త సర్టిఫికెట్ తీసుకోవచ్చు. పెళ్లితో పేరు మారినవాళ్లకు ఈ బాధ లేదు, మ్యారేజ్ సర్టిఫికెట్ చాలు.

సమస్య: పేరు మార్చలేదు, అయినా కలవట్లేదు

నా దగ్గరికి వచ్చే ఫైళ్లలో అసలు తలనొప్పి ఇదే.

మనకు ఇంటిపేరు ముందు రాయడం అలవాటు. పదో తరగతి మెమోలో అలాగే ఉంటుంది, లేదా ఒక్క ఇనీషియల్ ఉంటుంది. దాన్ని చూసి పాస్‌పోర్టు తీసుకున్నప్పుడు సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి, ‘కొత్తపల్లి వెంకట రమేశ్’ అంతా గివెన్ నేమ్‌లో పెట్టేశారనుకోండి. అమెరికా వీసాలో ఆ మొత్తం సర్‌నేమ్‌లోకి వెళ్తుంది, మొదటి పేరు గడిలో ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. ‘మొదటి పేరు తెలియదు’ అని దాని అర్థం. గ్రీన్‌కార్డు మీదికీ అదే రావచ్చు. ఏళ్ల తరబడి రమేశ్‌గారిని ఆఫీసులో ‘ఫ్నూ’ అని పిలుస్తూ ఉంటారు.

ఇప్పుడు ఎన్-400 నింపుతున్నారు. ‘ఈసారైనా సరిగా రాద్దాం’ అని ప్రస్తుత పేరు అడిగిన చోటే మొదటి పేరు వెంకట రమేశ్, ఇంటిపేరు కొత్తపల్లి అని రాస్తారు. కింద ‘పేరు మార్చుకోవాలనుకుంటున్నారా’ అంటే ‘లేదు’ అని టిక్ పెడతారు. ఆయన లెక్కలో పేరు మారలేదు, గడి మారిందంతే. చట్టం లెక్కలో అది పేరు మార్పే. ప్రస్తుత పేరు అన్నచోట ఇప్పటి కాగితాల్లో ఉన్నదే రాయాలి, కావాల్సిన పేరుకు వేరే ప్రశ్న ఉంది.

ఆ తర్వాత రెండిట్లో ఒకటి జరుగుతుంది. ఇంటర్వ్యూ అధికారి పట్టుకుంటే సర్టిఫికెట్ మీద కూడా ఎఫ్ఎన్‌యూ మిగులుతుంది. పట్టుకోకపోతే సర్టిఫికెట్ కొత్త పేరుతో వస్తుంది గానీ, పాత పేరు నుంచి కొత్త పేరుకు ఎలా వచ్చారో చెప్పే కోర్టు కాగితం ఉండదు. ఇండియాలో ‘ఈ మార్పుకు ఆధారం ఏది?’ అని అడిగితే చూపడానికి ఏమీ లేదు. నోటరీ అఫిడవిట్ అంటే మీ గురించి మీరు చెప్పుకున్న మాట, అంతవరకే దాని బలం.

ఇంటర్వ్యూ ఇంకా కాలేదంటే అదృష్టవంతులు. పేరు మార్పు ప్రశ్నకు ‘అవును’ అని పెట్టి పూర్తి కొత్త పేరు రాయండి. ఫారం పంపేసి ఉంటే ఇంటర్వ్యూలో అధికారికి చెప్పండి, ఫారం అక్కడే దిద్దుతారు, పేరు మార్పు పిటిషన్ మీద సంతకం కూడా అక్కడే. ప్రమాణం రోజు సర్టిఫికెట్ అందుకోగానే, ఫొటోలకంటే ముందు, హాల్లోనే ఒక్కో అక్షరం చూసుకోండి. తప్పు శాఖదైతే ఎన్-565కి ఫీజు లేదు.

సర్టిఫికెట్ ఇప్పటికే వచ్చేసి, కోర్టు కాగితం లేకపోతే దగ్గరి దారి లేదు. రాష్ట్ర కోర్టు ఆర్డరు, ఎన్-565, కొత్త పాస్‌పోర్టు, ఈ వరసలోనే వెళ్లాలి. జడ్జి ముందే పేరు మారినవాళ్లు కూడా ఒక్కోసారి ఆ పిటిషన్ కాగితాన్ని పారేస్తారు, సర్టిఫికెట్ ఉంది కదా అని. ప్రమాణం చేసిన కోర్టు క్లర్కును సర్టిఫైడ్ కాపీ అడగండి. హైదరాబాద్‌లో ఆ కాగితానికి సర్టిఫికెట్‌కున్నంత విలువ ఉంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ‘ముందు ఇండియన్ పాస్‌పోర్టులో సర్‌నేమ్ సరిచేయించి, తర్వాత సరెండర్ చేద్దాం (రద్దుకు అప్పగిద్దాం)’ అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం ప్రమాణం చేసిన రోజే ఇండియా పౌరసత్వం పోయింది. ఆ పాస్‌పోర్టును ఇక వాడకూడదు, రెన్యువల్ అసలే వద్దు. సరెండర్ పాత పేరుతోనే, ఉన్నది ఉన్నట్టు.

సమస్య: ఆస్తి పాత పేరు మీద, పాస్‌పోర్టు కొత్త పేరు మీద

కోర్టు ఆర్డరుంటే ఇది తేలికే. దస్తావేజులో కొత్త పేరు రాసి ‘అలియాస్’ పెట్టి పాత పేరు రాయించండి, రద్దయిన పాస్‌పోర్టు కాపీ జత చేయండి. అమ్మానాన్నలకు జీపీఏ (మీ తరఫున వ్యవహరించే అధికారం ఇచ్చే పత్రం) పంపేవాళ్లు అందులోనూ రెండు పేర్లూ రాయాలి. విదేశంలో రాసిన జీపీఏ ఇక్కడికి చేరాక 3 నెలల్లోగా స్టాంపు వేయించాలి, ఇది మర్చిపోయి మళ్లీ మొదటి నుంచి తిరిగేవాళ్లు చాలామంది. పాన్ కార్డులో పేరు అమ్మకానికి ముందే మార్పించుకోండి.

ఇక మిగతావి అరుదు. జీహెచ్ఎంసీ బర్త్ సర్టిఫికెట్లో పేరు లేకపోవడం, మెమోలో ఒక అక్షరం తేడా, వీటితో ఫైలు ఆగడం నేను పెద్దగా చూడలేదు. నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌కు వెళ్లి నాచురలైజేషన్ సర్టిఫికెట్లో పేరు మార్చమని అడిగేవాళ్లూ ఉన్నారు. వాళ్లు పాస్‌పోర్టు పని చూస్తారు, సర్టిఫికెట్ పని కాదు.