పాలసీ పీహెచ్‌డీ ప్రపోజల్: ముందు "ఎవరి నిర్ణయం?" అని రాసుకోండి

ఇంజనీరింగో సైన్సో చదివి సైన్స్ అండ్ టెక్నాలజీ పాలసీలో పీహెచ్‌డీకి అప్లై చేసేవాళ్ల ప్రపోజల్ చాలాసార్లు ఒకే చోట దెబ్బతింటుంది: నాలుగు పేజీలు రాస్తే మూడు టెక్నాలజీ గురించే. బ్యాటరీ ఎలా పనిచేస్తుందో అక్కడ ఎవరికీ అక్కర్లేదు. ఏ నిర్ణయం, ఎవరిది, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా చూస్తారు, ఈ మూడూ ఒక్క వాక్యంలో పట్టాలి. "ఎలక్ట్రిక్ వాహనాల విధానం" అనేది టాపిక్కే. "సబ్సిడీని కొనేవాళ్ల నుంచి తయారీదారులకు మార్చాక, విడిభాగాలు చేసే చిన్న సంస్థల పరిశోధన ఖర్చు ఏమైంది?" ఇదీ ప్రశ్నంటే.

తర్వాత డేటా. పేటెంట్లు లెక్కపెడదామనుకుంటే ఓ మెలిక ఉంది: దరఖాస్తు మామూలుగా 18 నెలలకు గానీ బయటికి రాదు. ఇది మరిచి గ్రాఫ్ గీస్తే చివర్లో గీత ధబేల్మని పడిపోతుంది, పాలసీ విఫలమైందని రాసేస్తారు. చివరి రెండేళ్లు లెక్కలోంచి తీసేయండి. ఇంటర్వ్యూలైతే ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాకే మొదలుపెట్టాలి. అంతకుముందు రికార్డు చేసినవి సాధారణంగా థీసిస్‌లో వాడుకోనివ్వరు.

గైడ్‌ని శాఖ పేరు పట్టుకుని వెతక్కండి. ఈ సబ్జెక్టు బ్రిటన్‌లోని ససెక్స్ యూనివర్సిటీలో బిజినెస్ స్కూల్ కింద ఉంటుంది, అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ కాలేజీ కింద. గైడ్‌గా అనుకుంటున్నవాళ్ల గత మూడేళ్ల పేపర్లు తీసి మెథడ్స్ భాగం చదవండి. టాపిక్ ఎంత కలిసినా, మీ పద్ధతి తెలియని గైడ్‌తో విశ్లేషణ దగ్గర బండి ఆగిపోతుంది.