కారు లోపలికి నీరు ఎక్కడి నుంచి చేరుతోందో కనిపెట్టడం

రాత్రంతా వాన కురిసిన మరునాడు కారు తలుపు తీయగానే ముక్కిన వాసన రావడం, కాలు ఆనించగానే మ్యాట్ కింది కార్పెట్ నుంచి నీరు ఊరడం చాలామందికి అనుభవమే. అప్పుడు ఎక్కువ మంది సీలెంట్ ట్యూబు తెప్పించి ముందు అద్దం అంచుల వెంట పూయిస్తారు. నీరు ఎక్కడ దూరుతోందో తేలకముందు దయచేసి ఆ పని చేయించకండి. పెంకుటింట్లో పెరిగినవారికి తెలిసే ఉంటుంది, చుక్క పడే చోటికి సరిగ్గా పైన పగిలిన పెంకు ఉండదు. నీరు వాసం వెంట కొంత దూరం జారి ఎక్కడో రాలుతుంది. కారులోనూ అంతే. పైకప్పు మూలలో దూరిన నీరు అద్దం పక్క స్తంభం లోపలి నుంచి దిగి, వైర్ల వెంట పాకి, నేల మీద అన్నింటికన్నా పల్లంగా ఉన్న గుంటలో నిలుస్తుంది. కారును ఏటవాలులో ఆపితే ఆ గుంట కూడా మారుతుంది.

మొదట తేల్చుకోవలసింది అది వాన నీరా, కాదా అన్నది. వాన లేని రోజుల్లో, ఏసీ వేసుకుని తిరిగాక మాత్రమే ఎడమవైపు ముందు సీటు దగ్గర తడి కనిపిస్తే, అనుమానించవలసింది ఏసీ డ్రెయిన్ పైపును. మన కార్లలో ఏసీ చల్లబరిచే భాగం చాలావరకు డాష్‌బోర్డు వెనుక ఆ వైపునే ఉంటుంది. గాలిలోని తేమ దానిమీద నీరై, ఒక చిన్న గొట్టం ద్వారా కారు కిందికి కారిపోవాలి. ఉక్కపోతగా ఉన్న రోజున కారును నిలిపి పావుగంట నుంచి ఇరవై నిమిషాల పాటు ఏసీ నడిపినా కింద నేల మీద చుక్క కూడా పడకపోతే, ఆ గొట్టం దుమ్ముతోనో బూజుతోనో పూడుకుపోయిందని అనుకోవచ్చు. అది కాక, తడి జిగటగా ఉండి, తియ్యటి వాసన వేస్తూ, ముందు అద్దానికి లోపలి నుంచి జిడ్డు ఆవిరి పట్టిస్తుంటే అది హీటర్ నుంచి కారుతున్న కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం. కూలెంట్ విషపదార్థం కాబట్టి దాన్ని నాలుకకు తగలనివ్వవద్దు, పిల్లలను, పెంపుడు జంతువులను దగ్గరకు రానివ్వవద్దు. బానెట్ కింద కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గిందేమో చూసి, నేరుగా మెకానిక్ దగ్గరికి వెళ్లడమే మేలు.

వాన నీరేనని తేలితే, వెతకడానికి ముందు కారును ఆరబెట్టాలి. లోపల అంతా తడిగా ఉన్నప్పుడు కొత్త చుక్క ఎటు నుంచి వచ్చిందో ఎవరికీ కనిపించదు. గడప మీది ప్లాస్టిక్ పట్టీలను ఊడదీసి, కార్పెట్ అంచు పైకెత్తండి. దాని కింద మందపాటి ఫోమ్ ఉంటుంది. పైన వస్త్రం ఆరినట్లు కనిపించినా ఆ ఫోమ్ వారాల తరబడి నీటిని పట్టి ఉంచుతుంది. సీటు తీయవలసి వస్తే మాత్రం జాగ్రత్త. సీటు కింద పసుపు రంగులో ఉండే కనెక్టర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థకు చెందినవి. ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ తీగ విప్పి, కారు మాన్యువల్‌లో చెప్పినంత సేపు ఆగిన తరువాతే వాటిని ముట్టుకోవాలి. విద్యుత్ కార్లలో, హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు కేబుళ్ల జోలికి అసలు పోవద్దు.

ఆ తరువాత చేయవలసిన పరీక్షకు ఇద్దరు మనుషులు, ఒక తోట పైపు, ఒక టార్చి లైటు చాలు. ఒకరు లోపల కూర్చుని తలుపులు మూసుకుని టార్చితో చూస్తుండాలి, మరొకరు బయట నీరు పోయాలి. నీరు ధార కట్టి కొట్టకూడదు, నెమ్మదిగా పారాలి. సర్వీసు సెంటర్లలో కారు కడిగే ప్రెషర్ పంపు ఇక్కడ పనికిరాదు, అది తలుపుల చుట్టూ ఉండే బాగున్న బీడింగుల్లోంచి, అంటే రబ్బరు పట్టీల్లోంచి కూడా నీటిని లోపలికి నెట్టి లేని లోపాన్ని చూపిస్తుంది. పరీక్షను ఎప్పుడూ కింది నుంచి పైకి సాగించండి. తలుపు కింది భాగం, ఆపైన కిటికీ అంచు, ఆపైన ముందు అద్దం కింది అంచు, చివరికి పైకప్పు. ఒక్కొక్క చోట కనీసం ఐదు నిమిషాలు పోసి, లోపలివారు తడి లేదని చెప్పాకే పైచోటికి వెళ్లండి. పైకప్పుతో మొదలుపెడితే నీరు కింది భాగాలన్నింటినీ తడుపుతూ దిగుతుంది, ఏ చోటు దోషో తేలదు. అనుమానమున్న చోట్ల లోపలివైపు పౌడర్ చల్లితే నీరు జారిన దారి గీతలా పడుతుంది.

అన్నింటిలోనూ ఎక్కువగా పొరపడేది తలుపుల విషయంలో. కిటికీ అద్దం వెంట వాన నీరు తలుపు లోపలికి వెళ్లడం లోపం కాదు, తలుపు నిర్మాణమే అలా ఉంటుంది. లోపలికి వెళ్లిన నీరు తలుపు అడుగున ఉన్న చిన్న రంధ్రాల ద్వారా బయటికి పోవాలి. ఆ నీరు మనవైపు రాకుండా డోర్ ప్యాడ్ (తలుపుకు లోపలివైపు ఉండే పలక) వెనుక ఒక పలుచని ప్లాస్టిక్ లేదా ఫోమ్ షీటును నల్లటి జిగురుతో అంటిస్తారు. స్పీకర్లు మార్చినప్పుడో, పవర్ విండో బాగుచేసినప్పుడో ఈ షీటును కోసి, లేదా ఊడదీసి, సరిగా అంటించకుండా వదిలేస్తే, నీరు గడప దాటి కార్పెట్ కిందికి చేరుతుంది. మా కారులో ఎడమవైపు ముందు సీటు కింద రెండు వర్షాకాలాల పాటు నీరు నిలిచింది. ఒక వర్క్‌షాపులో రెండుసార్లు ముందు అద్దానికి సీలెంట్ పూశారు, రెండుసార్లూ తడి మళ్లీ వచ్చింది. చివరికి డోర్ ప్యాడ్ విప్పించి చూస్తే, స్పీకర్లు మార్చిన రోజున కోసిన షీటు కింది అంచు ఊడి వేలాడుతూ కనిపించింది. బ్యూటైల్ టేపుతో (నీరు దూరనివ్వని జిగురు రబ్బరు పట్టీతో) దాన్ని తిరిగి అంటించాక ఆ సమస్య తీరింది. అందుకే కారుకు ఈ మధ్య ఏ పని చేయించారో ముందుగా గుర్తు చేసుకోండని నేను అందరికీ చెబుతాను. తలుపు అడుగు రంధ్రాలు మట్టితో మూసుకున్నాయేమో కూడా చూడండి. తలుపు ఊపినప్పుడు లోపల నీరు గలగలమంటే అవి మూసుకున్నట్లే. బీడింగ్ సంగతి తేల్చడానికి ఒక కాగితం ముక్కను తలుపు సందులో పెట్టి మూసి లాగండి. మిగతా చోట్ల బిగుతుగా ఉండి ఒకచోట సులువుగా జారి వస్తే, అక్కడ రబ్బరు నొక్కుకుపోయింది.

సన్‌రూఫ్ ఉన్న కారులో నీరు అద్దం చుట్టూ ఉన్న రబ్బరును దాటి లోపలి గాడిలోకి దిగడం మామూలే. ఆ గాడి మూలల నుంచి సన్నటి గొట్టాలు స్తంభాల గుండా కిందికి వెళ్తాయి. సన్‌రూఫ్ తెరిచి ఒక్కొక్క మూలలో అర గ్లాసు నీరు నెమ్మదిగా పోయండి. కారు కింద ఆ వైపున నీరు కారకపోతే గొట్టం పూడినట్లు, కారకుండా లోపల తడి కనిపిస్తే ఊడినట్లు. గొట్టాన్ని మెత్తటి నైలాన్ తీగతో శుభ్రం చేయవచ్చు. కంప్రెసర్ గాలి గట్టిగా కొడితే గొట్టం లోపల ఎక్కడో ఊడిపోయి, కొత్త సమస్య తెచ్చిపెడుతుంది.

వేపచెట్టు కింద కారు నిలిపేవారు బానెట్ ఎత్తి, వైపర్ల కింద ఉండే నల్లటి ప్లాస్టిక్ జాలీని తప్పక చూడాలి. రాలిన ఆకులు అక్కడి నీటి దారులను మూసేస్తే, నీరు మట్టం పెరిగి, గాలి పీల్చుకునే మార్గం గుండా ఏసీ గాలిని లోపలికి నెట్టే బ్లోయర్ మీదికి పొర్లుతుంది. ఏసీ ఫిల్టర్ తడిసి ఉంటే అది దీనికి మంచి ఆనవాలు. ముందు అద్దం మార్పించిన కారైతే మాత్రం అద్దం అంచును అనుమానించడం సబబే, కానీ అప్పుడు కూడా పైన పూత పూయడం కాక, అద్దం తీసి తుప్పు గోకి కొత్త అంటుతో అమర్చాలి. వినిగర్ వాసన వచ్చే మామూలు సిలికాన్ ఇనుప రేకుకు తుప్పు పట్టిస్తుంది, దాన్ని కారు మీద వాడవద్దు.

డిక్కీలో స్టెప్నీ గుంటలో నీరు నిలిస్తే టెయిల్ ల్యాంపు వెనుక ఉండే రబ్బరును, డిక్కీ బీడింగును, పైకప్పు మీది యాంటెన్నా అడుగును ఇదే వరుసలో చూడండి.

సెకండ్ హ్యాండులో కొన్న కారులో కార్పెట్ కింద, సీటు పట్టాల సందుల్లో సన్నటి ఒండ్రు కనిపిస్తే మాత్రం ఆలోచించాలి. 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. ఒండ్రు ఉన్న కారు మునిగినదేమోనని అనుమానించి, వైర్ల కనెక్టర్లను తెలిసిన మెకానిక్ చేత తెరిపించి చూపించాలి.

కారణం దొరికి, బాగుచేయించాక కార్పెట్‌ను వెంటనే బిగించవద్దు. ఫోమ్‌ను బయటికి తీసి ఎండలో పూర్తిగా ఆరనివ్వండి, కింది రేకు మీద తుప్పు మచ్చలుంటే గోకి పెయింట్ వేయించండి. కారు నేల మీద పాత దినపత్రికలు పరిచి, రెండు పెద్ద వానలు కురిసే వరకు అలాగే ఉంచండి. పత్రికలు పొడిగా చేతికి వస్తేనే కార్పెట్‌ను తిరిగి బిగించండి.