కువైట్‌కి కొత్తగా వచ్చిన హౌస్ డ్రైవర్ తమ్ముళ్లకు: నెట్ లేకపోయినా దారి తప్పకుండా

ఇంట్లో ఉన్నంతసేపు కఫీల్ (యజమాని) వాళ్ల వై-ఫై ఉంటుంది. గేటు దాటగానే పోతుంది. కొత్తగా వచ్చిన హౌస్ డ్రైవర్లు తికమకపడేది సరిగ్గా అక్కడే. అకామా (నివాస అనుమతి) పడాలి, బతాకా (గుర్తింపు కార్డు) చేతికి రావాలి, సాధారణంగా అప్పుడుగానీ సొంత పేరు మీద సిమ్ రాదు. వచ్చాక కూడా, ఇంటికి పంపేది పంపగా మిగిలిన దీనార్లలో డేటా ప్యాకేజీకి ఎంతని పెడతారు? మామాకి, అంటే ఇంటి యజమానురాలికి, ఇవేం పట్టవు. లైసెన్స్ వచ్చిన మర్నాడే తాళాలు చేతిలో పెట్టి, సల్వాలో మా అక్క వాళ్లింటికి పోనివ్వమంటుంది. అందుకే ఈ నాలుగు మాటలు. యాప్ ఎలా ఎక్కించుకోవాలో, లొకేషన్ ఎలా ఆన్ చేయాలో ఇక్కడ చెప్పడం లేదు, అవి మీకు తెలుసు.

ముందు ఒక అపోహ వదిలించుకోండి. నెట్ లేకపోతే జీపీఎస్ పనిచేయదనుకుంటారు చాలామంది. జీపీఎస్‌కి సిమ్ కూడా అక్కర్లేదు. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాలు పంపే సంకేతాన్ని ఫోను రేడియోలా వింటుంది, అంతే. తిరిగి ఏమీ పంపదు. నాలుగు ఉపగ్రహాలు అందితే మీరెక్కడున్నారో లెక్క కడుతుంది. నెట్ కావాల్సింది పటం బొమ్మకీ, పేరు కొట్టి వెతకడానికీ, ట్రాఫిక్ చూపడానికీ. పటాన్ని ముందే ఫోనులో దింపేసుకుంటే ఏరోప్లేన్ మోడ్‌లో కూడా నీలం చుక్క మీతో పాటే కదులుతుంది.

ఒక్క చోట మాత్రం ఓపిక కావాలి. నెట్ ఉంటే ఏ ఉపగ్రహం ఎక్కడుందో ఫోను క్షణంలో తెలుసుకుంటుంది. లేకపోతే ఆ వివరం ఉపగ్రహం నుంచే నిదానంగా దిగాలి. ఒక్కో ఉపగ్రహం తన వివరం చెప్పడానికి 30 సెకన్లు పడుతుంది, మధ్యలో అడ్డం వస్తే మళ్లీ మొదటికి. హైదరాబాద్‌లో ఆపేసిన ఫోనుని కువైట్‌లో తెరిస్తే తొలిసారి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. ఆ కొన్ని నిమిషాలకే ఫోను చెడిపోయిందని కంగారు పడి, ఆపి, మళ్లీ తెరుస్తారు. అలా చేస్తే ఇంకా ఆలస్యం. ఆకాశం కనిపించే చోట, గోడకి దూరంగా కదలకుండా నిలబడండి. చుక్క బూడిద రంగులో ఉంటే అది పాత చోటు. నీలంగా మారేదాకా బండి కదపొద్దు. అవెన్యూస్ లాంటి మాల్ బేస్‌మెంట్‌లోంచి పైకి వచ్చినప్పుడు కూడా ఇదే పద్ధతి.

యాప్‌లు రెండు పెట్టుకోండి, ఒకటి చాలదు. గూగుల్ మ్యాప్స్‌లో మీ ఫొటో నొక్కితే ఆఫ్‌లైన్ మ్యాప్స్ అని వస్తుంది. అందులో సెలెక్ట్ యువర్ ఓన్ మ్యాప్ తెరిచి, డబ్బాని జహ్రా నుంచి ఫహాహీల్, వఫ్రా దాకా లాగి దింపండి. ఇందులో దుకాణాల పేర్లు బాగుంటాయి. కానీ నెట్ లేనప్పుడు కారు దారి తప్ప నడక దారి, బస్సు దారి చూపదు. ట్రాఫిక్ ఉండదు, ఇంకో దారి చెప్పదు, ఏ లేన్‌లో ఉండాలో చెప్పదు. దింపిన పటానికి గడువు కూడా ఉంటుంది. అది 15 రోజుల్లోకి వచ్చాక వై-ఫై దొరికితే తనే కొత్తది తెచ్చుకోవాలని చూస్తుంది. మీ ఫోనులో ఖాళీ లేకపోతే ఆ పని జరగదు. శుక్రవారం తీరిక ఉన్నప్పుడు ఒకసారి తేదీ చూసుకోండి.

రెండోది ఆర్గానిక్ మ్యాప్స్. ఉచితం, లాగిన్ అడగదు, ప్రకటనలు ఉండవు. కువైట్ చిన్న దేశం కాబట్టి పటం మొత్తం ఒకే ఫైలు. యాప్ ఎక్కించగానే కనిపించే ప్రపంచ పటాన్ని చూసి పని అయిపోయిందనుకోవద్దు, అది పైపై బొమ్మ. కువైట్ మీదికి పోయి దగ్గరికి లాగితే డౌన్‌లోడ్ అని అడుగుతుంది, అది దించాలి. ఇందులో నడక దారి కూడా నెట్ లేకుండానే వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, మీరు గుర్తు పెట్టుకున్న చోట్లు ఏ కంపెనీ సర్వర్లోనో కాకుండా మీ ఫోనులోనే ఉంటాయి.

దారి చెప్పే గొంతుకి కూడా విడిగా ఫైలు ఉంటుంది. ఫోను సెట్టింగ్స్‌లో టెక్స్ట్ టు స్పీచ్ అని ఉన్నచోట భాష ఎంచుకుని వై-ఫైలోనే దించండి. దించారా లేదా తేల్చుకోవాలంటే ఏరోప్లేన్ మోడ్ పెట్టి గల్లీ చివరిదాకా ఒకసారి నడిపి చూడండి.

ఇప్పుడు అసలు సంగతి. దయచేసి ఇది ఒకటికి రెండుసార్లు చదవండి. లింకుని నమ్ముకుని గేటు దాటొద్దు.

మామా లొకేషన్ పంపుతుంది. వాట్సాప్‌లో నీలం అక్షరాల లింకు వస్తుంది, మీరు సరే మామా అని బండి తీస్తారు. రోడ్డెక్కాక నొక్కితే తెల్ల తెర. ఎందుకంటే ఆ పొట్టి లింకులో చోటు వివరం లేదు. అది గూగుల్ దగ్గరున్న ఒక చీటీ నంబరు మాత్రమే; చీటీలో ఏముందో గూగుల్‌ని అడిగితేనే తెలుస్తుంది, అడగడానికి నెట్ కావాలి. ఫోనులో పటం మొత్తం ఉన్నా ఆ లింకు నుంచి పటానికి దారి లేదు. మంచి ఫోను, మంచి యాప్, దింపిన పటం, అన్నీ ఉండి కూడా గల్లీలో నిలబడిపోయేది దీనివల్లే. ఎంతమందికి చెప్పినా మళ్లీ అదే జరుగుతోంది, అందుకే ఇంతగా చెప్పాల్సి వస్తోంది.

వాట్సాప్‌లోనే చిన్న పటం బొమ్మతో వచ్చే లొకేషన్ వేరు. సెండ్ యువర్ కరెంట్ లొకేషన్ నొక్కి పంపితే అక్షాంశం, రేఖాంశం ఆ మెసేజ్‌లోనే వచ్చేస్తాయి. నెట్ పోయాక బొమ్మ ఖాళీగా కనిపించినా, ఆండ్రాయిడ్‌లో సాధారణంగా దాన్ని మ్యాప్ యాప్‌లోకి తెరవొచ్చు. లైవ్ లొకేషన్‌ని లెక్కలోకే తీసుకోకండి, అది నిమిష నిమిషానికీ నెట్ అడుగుతుంది.

కాబట్టి పద్ధతి ఇది. ఏ లింకు వచ్చినా వై-ఫై ఉన్నచోటే తెరవండి. పిన్ పడిన చోట వేలితో నొక్కి పట్టుకుంటే పైనో కిందో రెండు అంకెలు వస్తాయి, 29.33415, 48.07620 లాగా. వాటిని కాపీ చేసి ఆర్గానిక్ మ్యాప్స్ వెతికే గడిలో అతికించి, నక్షత్రం నొక్కి పేరు పెట్టుకోండి. పేరు మీకు అర్థమయ్యేలా ఉండాలి: మామా అక్క ఇల్లు, చిన్నబాబు స్కూలు వెనక గేటు, బాబా (యజమాని) దివానియా, అంటే మగవాళ్లు కూర్చుని మాట్లాడుకునే చోటు. తాళం తీసుకునే ముందు ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఆ గుర్తుకి దారి వేయండి. గీత పడితే బయల్దేరండి. పడకపోతే వై-ఫై ఇంకా మీ దగ్గరే ఉంది, సరిచేసుకోండి.

ఆ రెండు అంకెల్లో మూడు తప్పులు జరుగుతాయి. కువైట్‌లో ఎక్కడైనా మొదటి అంకె 28, 29, 30లలో ఒకదానితో మొదలవ్వాలి, రెండోది 46, 47, 48లలో ఒకదానితో. తిరగేసి కొడితే గుర్తు ఉక్రెయిన్, మాల్డోవా వైపు పడుతుంది. రెండో తప్పు, చుక్క తర్వాత అంకెలు కత్తిరించడం. రెండంకెలే ఉంచితే చోటు కిలోమీటరు పైనే జరిగిపోవచ్చు. నాలుగు ఉంచితే పది పదిహేను మీటర్ల లోపు వస్తుంది, ఐదుంటే గేటు దాకా. మూడో తప్పు అన్నిటికన్నా మోసకారి. ఫోను దిక్సూచి యాప్ చోటుని డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో చూపిస్తుంది. 29 డిగ్రీల 20 నిమిషాలంటే 29.20 కాదు, నిమిషాలని 60తో భాగించాలి, 29.333 అవుతుంది. 29.20 అని కొడితే దక్షిణంగా సుమారు 15 కిలోమీటర్లు పోతారు.

బయట ఉండగా కొత్త చోటు చెబితే? సిమ్ ఉంటే కాల్, ఎస్ఎంఎస్ డేటా లేకపోయినా వస్తాయి. ఆ రెండు అంకెలూ ఎస్ఎంఎస్‌లో పంపమనండి. మామాకి అదెలాగో తెలియకపోతే అడ్రస్ అడిగి రాసుకోండి, వరస తప్పకుండా: ఏరియా, బ్లాక్, స్ట్రీట్, జాద్దా ఉంటే జాద్దా, ఇంటి నంబరు. బ్లాక్‌ని ఖితా అంటారు, జాద్దా అంటే స్ట్రీట్‌లోంచి చీలే గల్లీ. ఏరియా పేరు లేకుండా బ్లాక్ 4, స్ట్రీట్ 12 అని రాసుకుంటే ఎందుకూ పనికిరాదు, అలాంటి నంబర్లు సల్వాలోనూ ఉంటాయి, రుమైతియాలోనూ ఉంటాయి. నెట్ లేనప్పుడు యాప్‌లు ఇంటి నంబరు దాకా వెతకడం అరుదు. ఏరియా దాకా దారి వేసుకుని, అక్కడి జమియాని (ఏరియా సహకార దుకాణాన్ని) గుర్తు పెట్టుకుని, మిగతాది బోర్డులు చూస్తూ పోవాలి. పేరు స్పెల్లింగ్ తేడా ఉంటే నెట్ లేని వెతుకులాట తడబడుతుంది కాబట్టి మొదటి నాలుగైదు అక్షరాలే కొట్టండి.

గోడ మీది అంకెలు కూడా నేర్చుకోవాలి, ఒక సాయంత్రం చాలు. అరబ్బీ అంకెల్లో ఐదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది, సున్నా ఉత్త చుక్క. ఆరు చూస్తే ఇంగ్లీషు ఏడులా కనిపిస్తుంది. ఏడు పైకి తెరుచుకున్న కొక్కెం, ఎనిమిది దాన్నే తిరగేసింది. ఇంటి గోడ మీద పలకకి ఆటోమేటెడ్ నంబరు ఉంటుంది. నెట్ ఉన్నప్పుడు కువైట్ ఫైండర్ యాప్‌లో అది కొడితే నేరుగా ఆ ఇంటికే పోతుంది. మొదటిసారి పోయిన ఇంటి పలకని రాసి పెట్టుకోండి.

రోడ్డు మీద చుక్కని మరీ గుడ్డిగా నమ్మొద్దు. రింగ్ రోడ్డుకి ఆనుకుని సర్వీస్ రోడ్డు ఉంటుంది, ఫ్లైఓవర్ కింద ఇంకో రోడ్డు ఉంటుంది. ఆ పది మీటర్ల తేడా ఫోనుకి పట్టదు. ఎగ్జిట్ ఎప్పుడనేది రోడ్డు బోర్డే చెప్పాలి. షువైఖ్ వైపు పోయేటప్పుడు జాబిర్ వంతెన బోర్డు చూసి జాగ్రత్త. అది సముద్రం మీదుగా సుబియా దాకా 36 కిలోమీటర్లు, పొరపాటున ఎక్కితే వెంటనే వెనక్కి రాలేరు. గల్ఫ్‌లో ఉద్రిక్తత ఉన్నప్పుడు జీపీఎస్ సంకేతాలని చెరపడం కూడా జరుగుతుంది. 2025 జూన్‌లో హర్ముజ్ దగ్గర ఓడలకే ఆ చిక్కు వచ్చింది. మీ చుక్క ఒక్కసారిగా సముద్రంలోకో ఇంకో ఊళ్లోకో గెంతితే తప్పు మీ ఫోనుది కాదు, బోర్డులు చూసి నడపండి.

ఫోను చేతిలో పట్టుకుని నడపొద్దు. 2025 ఏప్రిల్ 22 నుంచి అమల్లో ఉన్న కొత్త ట్రాఫిక్ చట్టంలో దానికి 75 దీనార్లు. స్టాండ్ కొనండి, అద్దానికి అతికించేది కాదు, ఏసీ గాలి తగిలే చోట తగిలించేది. ఇక్కడి ఎండ మన రెంటచింతల ఎండలాంటిది కాదు. 2016 జూలైలో మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ఛార్జింగ్, జీపీఎస్, వెలుతురు పెంచిన తెర, ఎండ నాలుగూ కలిస్తే ఫోను దానంతటదే ఆగిపోతుంది. ఆపిన బండిలో ఫోను వదిలేయకండి. స్కూలు ముందు నిలబడినంతసేపూ నావిగేషన్ ఆపేయండి, చల్లబడుతుంది.

చలికాలంలో ఎడారిలో గుడారాలు వేస్తారు. అక్కడ అడ్రస్ ఉండదు, చాలా చోట్ల సిగ్నల్ కూడా ఉండదు. ఆ రెండు అంకెలు లేకుండా బయల్దేరొద్దు. తారు రోడ్డు వదిలిన చోట ఒక గుర్తు పెట్టుకోండి, తిరిగి రావడానికి అదే ఆధారం. గీత అడ్డంగా దగ్గరి దారి చూపించినా టైర్ల జాడ ఉన్న దారినే పట్టండి. ఇసుకలో బండి కూరుకుపోవడం ఒక్కటే కాదు, 1991 యుద్ధం నాటి పేలని సామాను ఇప్పటికీ ఆ నేలలో బయటపడుతూ ఉంటుంది.

ఇంత చదివాక భయం వేస్తే, అంత భయపడాల్సిందేమీ లేదని కూడా చెప్పాలి. కువైట్ సిటీ చుట్టూ రింగ్ రోడ్లు వరసగా అర్ధచంద్రాల్లా ఉంటాయి, ఒకవైపు సముద్రం. రింగ్ నంబరు పెరిగితే ఊరికి దూరమవుతున్నట్టు. పైగా ఒక ఇంటి డ్రైవర్ తిరిగేవి పది పదిహేను చోట్లే: స్కూలు, జమియా, దివానియా, ఆస్పత్రి, నాలుగు చుట్టాలిళ్లు. రెండు మూడు నెలలకి చేతులు వాటంతటవే స్టీరింగ్ తిప్పుతాయి. అప్పటిదాకా గుర్తులు పెట్టుకోవడంలో బద్ధకించకండి.

మీకన్నా ముందు ఆ ఇంట్లో పనిచేసిన అన్న ఇంకా కువైట్‌లోనే ఉంటే మొహమాటపడకుండా ఫోన్ చేయండి. ఆర్గానిక్ మ్యాప్స్‌లో గుర్తుల జాబితా మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ నొక్కి ఒకే ఫైలుగా వాట్సాప్‌లో పంపొచ్చు, మీరు దాన్ని తెరిస్తే ఆయన చోట్లన్నీ మీ పటంలోకి వచ్చేస్తాయి. మీ ఫైలుని కూడా నెలకోసారి ఇంట్లో వాళ్ల నంబరుకి పంపి ఉంచండి. ఫోను పోయినా, పగిలినా, కొత్త ఫోనులో దాన్ని తెరిస్తే సరిపోతుంది.